సామాన్యుల ఆటకు ఒక వకాల్తా

చదరంగం గురించి తెలుగులో వచ్చే వ్రాతలు చాలా వరకు రెండు రకాలు. మొదటిది విజయవార్త. పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టరైనప్పుడు, కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళ వయసుకే ఆ హోదా అందుకున్నప్పుడు, ఆమే 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచినప్పుడు, మన వరంగల్లు కుర్రవాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో 2800 రేటింగు దాటినప్పుడు పత్రికలు సంబరంగా వ్రాశాయి. వ్రాయవలసిందే. రెండవ రకం పాఠం: గుర్రం ఎలా నడుస్తుంది, కోట ఎలా కట్టాలి, నాలుగు ఎత్తుల్లో ఆట కట్టే ఉపాయమేమిటి వగైరా. అదీ అవసరమే.

ఈ రెండింటి నడుమ ఉన్నవారి గురించి మాత్రం ఎవరూ పట్టించుకోరు. పాఠం నేర్చుకొని, గ్రాండ్‌మాస్టరు కాని, ఎన్నటికీ కాబోని మనుషులు. పద్నాలుగువందలకూ పద్దెనిమిదివందలకూ మధ్య ఏదో ఒక రేటింగుతో, సెలవు పెట్టుకొని, సొంత ఖర్చులతో బస్సెక్కి, ఏ కల్యాణమండపంలోనో ఏ కళాశాల సభాభవనంలోనో జరిగే పోటీలో అరవయ్యో నంబరు బల్ల దగ్గర కూర్చుని మూడు నాలుగు గంటలు తల బద్దలు కొట్టుకొనేవారు. వాళ్ళిద్దరి మధ్య జరిగే ఆట ఎవరికి కావాలి? అది ఎక్కడా అచ్చుకాదు. ఆడినవాళ్ళే సాయంత్రానికి మరచిపోతారు. ఈ మధ్య మరచిపోవడం కూడా ఒక యంత్రం చేతిమీదుగా జరుగుతోంది. సామాన్యుల ఆటకు విలువ ఉన్నదనీ, ఆ విలువ ఆట ముగిసిన తరువాతి గంటలో ఉన్నదనీ, ఆ గంటను మనం చేజేతులా పోగొట్టుకుంటున్నామనీ నా అభిప్రాయం. ఎందుకంటున్నానో చెప్తాను. ఓపిగ్గా వినండి, ఒప్పుకోకపోతే తరువాత తీరిగ్గా దెబ్బలాడుకుందాం.

ముందు మన ఇంటి ముచ్చట. శ్రీకృష్ణదేవరాయల కొలువులో బొడ్డుచెర్ల చిన తిమ్మన అనే చదరంగ నిపుణుడు ఉండేవాడనీ, రాయలవారితోనే ఆడి గెలిచేవాడనీ, అందుకు మెచ్చి రాయలు కొప్పోలు గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చాడనీ చాటు సంప్రదాయం చెబుతుంది. తెలుగువాడి చదరంగ చరిత్ర అనగానే మనమందరం మొదట తలచుకొనేది ఆయననే. బాగానే ఉన్నది. కాని ఆయన ఆడిన ఒక్క ఎత్తయినా మనకు తెలుసా? రాయలవారు ఏ బంటును ముందుకు నడిపారో, తిమ్మన ఏ గుర్రాన్ని బలి ఇచ్చి ఎక్కడ చిక్కించుకున్నాడో, ఏ నిమిషాన రాయలు కిరీటం సర్దుకొని 'సరే, కట్టావు' అన్నారో ఒక్క ముక్క కూడా మిగలలేదు. మిగిలిందల్లా ఎవరు గెలిచారు, ఏమి ముట్టింది అన్న రెండు సంగతులే. చాటువు బ్రతికింది, ఆట చచ్చిపోయింది. ఆ రోజుల్లో ఆడిన ప్రతి ఎత్తూ వ్రాసుకొనే అలవాటు లేదు కనుక ఎవరినీ తప్పు పట్టలేము. అయిదు వందల ఏళ్ళ తరువాత, ప్రతి ఎత్తునూ వ్రాసి తీరాలన్న నియమం ఉన్న కాలంలో ఉండి కూడా మనం 'ఎవరు గెలిచారు, ఎంత ముట్టింది' అన్న రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతున్నామంటే మాత్రం ఆలోచించవలసిందే. 'ఎంత ముట్టింది' అన్న చోట ఇప్పుడు 'ఎంత రేటింగు పెరిగింది' అంటున్నాం, అంతే తేడా.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే కథ మరొకటున్నది. అది స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో 1895లో జరిగింది. అక్కడి వీక్లీ సిటిజెన్ పత్రికలో బార్బియే అనే ఆయన చదరంగం శీర్షిక నడిపేవాడు. ఆ యేడే మరణించిన పాటర్ అనే ఆటగాణ్ణి తలచుకుంటూ, అతడు 1875లో ఫెంటన్ అనే మరొకరితో ఆడిన ఆటలోని చివరి ఘట్టం గుర్తున్నంతలో పత్రికలో పెట్టాడు. బల్ల మీద నాలుగే పావులు. తెల్ల రాజు బి6లో, తెల్ల బంటు సి6లో, నల్ల ఏనుగు డి5లో, నల్ల రాజు దూరంగా ఎ1 మూలలో. తెల్లవారు బంటును సి7కు తోస్తారు. నల్ల ఏనుగు పక్కనుంచి వరుసగా చెక్కులు చెబుతుంది. తెల్ల రాజు బి5, బి4, బి3 మీదుగా మెట్లు దిగుతూ సి2 చేరుకుంటాడు. ఇక చెక్కులు లేవు, బంటు మంత్రి అయిపోతుంది అనుకున్న సమయంలో నల్ల ఏనుగు డి4కు జరుగుతుంది. ఇప్పుడు బంటు సి8 చేరి మంత్రి అయితే నల్ల ఏనుగు సి4లోకి దూకి చెక్ చెబుతుంది. మంత్రి దానిని కొట్టక తప్పదు, కొట్టగానే నల్ల రాజుకు కదలడానికి గడి ఉండదు. చెక్ లేదు, ఎత్తూ లేదు కనుక ఆట సమం. బార్బియే తన తీర్పు ఇదేనని ప్రకటించాడు.

గ్లాస్గోలో ఫెర్నాండో సావెద్రా అని ఒక స్పెయిన్ దేశపు క్రైస్తవ సన్యాసి ఉండేవాడు. చదరంగంలో చాలా మామూలు ఆటగాడు. ఆయన ఆ శీర్షిక చదివి, బల్ల పరచుకొని చూసి, బంటును మంత్రిగా కాక ఏనుగుగా మార్చితే ఎలా ఉంటుందని అడిగాడు. ఎవరైనా మంత్రి దొరుకుతుంటే ఏనుగును కోరుకుంటారా? కాని ఏనుగు అయితే నల్ల రాజు ఊపిరాడక చిక్కుకోదు, కనుక సమం కాదు. తెల్ల ఏనుగు ఎ8కి వెళ్ళి ఆట కట్టిస్తానని బెదిరిస్తుంది. నల్ల ఏనుగు ఎ4కు వచ్చి ఆ దారి కాయక తప్పదు. అప్పుడు తెల్ల రాజు నింపాదిగా బి3కి వస్తాడు. అటు ఏనుగు పోతుంది, లేదా సి1లో ఆట కట్టుతుంది. రెండింటినీ ఒకే ఎత్తుతో ఆపడం నల్లవారి తరం కాదు.

నూట ముప్పై ఏళ్ళుగా చదరంగం నేర్చుకొనే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు సావెద్రా స్థితిని చూసి నోరు తెరుస్తాడు. ఆయన పేరు ఒకే ఒక్క ఎత్తు మీద నిలబడ్డది. అది ఎలా సాధ్యమైందో గమనించండి. ఇద్దరు ఆడిన ఆటను ఒకడు గుర్తు పెట్టుకొని వ్రాశాడు. వ్రాసినదాన్ని మరొకడు తీరిక చేసుకొని చదివి, తనకు తోచింది చెప్పాడు. చెప్పినవాడు ఏపాటి ఆటగాడని చూడకుండా మొదటివాడు తన తీర్పును దిద్దుకొని అచ్చువేశాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ అద్భుతం మనకు దక్కేది కాదు. ఆట ముగిశాక జరిగిన మాట్లాటలో పుట్టిన ఎత్తు అది.

ఇప్పుడు మన సామాన్యుల దగ్గరికి వద్దాం. మన రాష్ట్రంలో ఒక రేటింగు పోటీలో నేను దగ్గరుండి చూసిన ఒక ఆట చివరి భాగం చెబుతాను. తెల్లపావులతో పన్నెండేళ్ళ అబ్బాయి, నల్లపావులతో ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన. ఇద్దరి రేటింగులూ పదిహేనువందల చుట్టుపక్కలే. ఒక్కొక్కరికి 90 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ అదనంగా 30 సెకన్లు. మూడు గంటలు దాటింది, హాలు సగం ఖాళీ అయింది. బల్ల మీద మిగిలినవి మూడే: తెల్ల రాజు డి5లో, తెల్ల బంటు డి6లో, నల్ల రాజు డి7లో. ఎత్తు తెల్లవారిది.

పుస్తకం చదివినవారికి ఇది మొదటి తరగతి పాఠం. వాళ్ళిద్దరూ ఆ పాఠం చదవలేదు, లేదా చదివి మరచారు. అబ్బాయి రాజును ఇ5కు జరిపాడు. పెద్దాయన వెనక్కు తగ్గాలి. డి8కి తగ్గితే సమం, పక్కనున్న సి8కి గాని ఇ8కి గాని తగ్గితే ఓటమి. ఆయన డి8కి వెళ్ళాడు. అబ్బాయి దారి తోచక డి5కు తిరిగి వచ్చాడు, పెద్దాయన డి7కు ఎక్కాడు, మొదటి స్థితే మళ్ళీ వచ్చింది. ఈసారి అబ్బాయి రెండో పక్కన, సి5కు నడిచాడు. పెద్దాయన చెయ్యి రాజు మీద పడింది. పట్టుకున్న పావును ఆడవలసిందే కదా. ఆ చెయ్యి గాలిలో కొంతసేపు అటూ ఇటూ ఊగి సి8లో దిగింది. ఓడిపోయే ఎత్తు అది. అబ్బాయి సి6కు వస్తే అయిపోయేది. రాజులు ఎదురెదురుగా నిలిచి, ఎత్తు నల్లవారిదై, నల్ల రాజు డి8కి జరగక తప్పక, బంటు డి7కు చెక్ చెప్పకుండా నడిచి, ఇక దాన్ని ఆపే దిక్కు ఉండేది కాదు. అబ్బాయి రెండు నిమిషాలు ఆలోచించి డి5కే తిరిగి వచ్చాడు. నల్ల రాజు బ్రతికి డి7కు చేరాడు.

అదే స్థితి రావడం అది మూడోసారి. ఆ ఎత్తును ముందుగా చీటీలో వ్రాసి ఆర్బిటరును పిలిచి కోరితే అక్కడికక్కడే సమమని తేల్చేవారు. పెద్దాయన కోరలేదు. మళ్ళీ అబ్బాయి ఇ5, ఆయన డి8. అబ్బాయి ఇ6, ఆయన ఇ8. బంటు డి7కు చెక్ చెబుతూ వచ్చింది, నల్ల రాజు డి8కి తగ్గాడు, బంటును కాపాడుకోవడానికి తెల్ల రాజు డి6కు వచ్చాడు. నల్ల రాజుకు ఎత్తు లేదు. ఆట సమం. ఇద్దరూ చేతులు కలిపారు, సంతకాలు చేశారు.

బయట అరుగు మీద కూర్చున్న తరువాత జరిగిందే నాకు ముఖ్యం. అబ్బాయి తన బల్ల పరచి ఆ మూడు పావులూ పెట్టాడు.

"తాతగారూ, మీరు సి8కి వెళ్ళినప్పుడు నేను గెలిచేవాణ్ణా?"

"ఏమో బాబూ, నాకూ అనుమానంగానే ఉంది. పెట్టి చూద్దాం రా."

పెట్టి చూశారు. ఒకసారి అబ్బాయి గెలిచాడు, ఒకసారి పెద్దాయన తప్పించుకున్నాడు. మూడోసారి ఇద్దరూ పావులు మార్చుకొని ఆడారు. 'అంకుల్' నుంచి 'తాతగారు' దాకా వచ్చిన చనువుతో అబ్బాయి ఆయన చెయ్యి పట్టుకొని మరీ ఆపుతున్నాడు. "ఆగండాగండి, నేను ముందుగా ఎదురుకి వస్తే మీరు పక్కకు జరగాలి. మీరు ముందుగా వస్తే నేను..." అని వేళ్ళు మడుస్తున్నాడు. మడవడం పూర్తి కాలేదు. అబ్బాయి నాన్నగారు చరవాణి పట్టుకొని వచ్చారు. చీటీలోని ఎత్తులన్నీ అప్పటికే అందులోకి ఎక్కించారు. "చూడు, ఇక్కడ గెలుపు చేతిలో పెట్టుకొని వదిలేశావు. ఆయనా ఇక్కడ తప్పు చేశారు. రాజు డి8కే వెళ్ళాలి" అన్నారు. పెద్దాయన తల ఎత్తి, "డి8కే ఎందుకండీ?" అని అడిగారు. "ఇంజను అదే చెబుతోందండీ" అన్నారు ఆయన. "పద నాన్నా, తరువాతి రౌండుకు ముందు ఏదైనా తినాలి."

ఆ తండ్రిని నేనేమీ అనను. కొడుకును నాలుగు వందల కిలోమీటర్లు తీసుకువచ్చి, మెట్ల మీద మూడు గంటలు కూర్చున్న మనిషి. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజం. ఆయన చేతిలోని యంత్రం కూడా అబద్ధం చెప్పలేదు. కాని 'ఎందుకు' అన్న ప్రశ్నకు ఆ అరుగు మీద ఇద్దరు మనుషులు మరో రెండు నిమిషాల్లో తామే జవాబు కనుక్కోబోతున్నారు. జవాబు ఇదీ: రాజులు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఎత్తు ఎవరి మీద పడితే వారు దారి విడవాలి. నల్ల రాజు సూటిగా డి8కి తగ్గితే తెల్ల రాజు ఏ పక్కన పైకి వచ్చినా తాను అదే పక్కకు జరిగి ఎదురు నిలవగలడు, ఎత్తు అవతలివారి మీద పడుతుంది. ముందుగానే పక్కకు తగ్గితే ఎదురు నిలిచే అవకాశం అవతలివారి పాలవుతుంది. ఇంతే. ఈ ఒక్క సూత్రం తెలిస్తే రాజు బంటుల ఆటలో సగం తెలిసినట్టే. అబ్బాయి వేళ్ళు మడిచింది సరిగ్గా దీనికోసమే. అతడికి ఆ రోజు దక్కినది 'డి8' అన్న గడి పేరు. రేపు ఇదే ఘట్టం మరో నిలువు వరుసలో వస్తే ఆ పేరు ఎందుకు పనికివస్తుంది?

ఇంజను అనే ఈ సాధనాన్ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. 1997లో డీప్ బ్లూ కాస్పరోవ్‌ను ఓడించిననాడు అది గది నిండిన యంత్రం. ఇవాళ 2008లో మొదలైన స్టాక్‌ఫిష్ వంటి ఉచిత సాఫ్టువేరు జేబులోని చరవాణిలో కూర్చుని ఎంతటి ప్రపంచ విజేతనైనా ఓడించగలదు. ఏడు పావులు మిగిలిన ఏ స్థితికైనా ఫలితమేమిటో పట్టికలు సిద్ధంగా ఉన్నాయి. మూడు పావుల ఆట దాని ముందు ఎంత? లోకానికి తెలిసిపోయిన సంగతి అది. కాని లోకానికి తెలియడం వేరు, నాకు తెలియడం వేరు. ఛందస్సు సరిచూసే సాఫ్టువేరు వచ్చిందని పద్యం వ్రాసేవాడు చెవిని పెంచుకోవడం మానుకుంటాడా? గణం తప్పిందని యంత్రం చూపిస్తే దిద్దుకుంటాడు, మంచిదే. చెవి లేనివాడు మాత్రం ప్రతి పాదానికీ యంత్రాన్నే అడగవలసివస్తుంది, దానిని పద్యం వ్రాయడమనరు.

ఇంకో మాట. యంత్రం ఆటను కొలిచే కొలబద్ద ఒక బంటులో నూరో వంతు. ప్రతి ఎత్తుకూ ఎంత పోగొట్టుకున్నావో లెక్కగట్టి, సగటు తీసి, నీ ఆట ఇంత శాతం సరైనది అని తేలుస్తుంది. పెద్దాయన సి8కి తగ్గిన ఎత్తూ, అబ్బాయి దాన్ని వదిలేసిన ఎత్తూ ఆ లెక్కలో రెండు ఎర్రగీతలు. నిజానికి ఆ ఆట మొత్తానికి ఊపిరి ఆ రెండు ఎత్తుల్లోనే ఉన్నది. ఇద్దరిలో ఒకరికి తెలిసి ఉంటే అక్కడ కథే లేదు. మూడోసారి స్థితి వచ్చినా సమం ఎందుకు కోరలేదని తరువాత నేను పెద్దాయనను అడిగితే, "ఇంకా తేలలేదు కదండీ" అన్నారు. అంతకన్న మంచి చదరంగ నిర్వచనం నేను వినలేదు. తేలడం కోసం ఆడారు ఇద్దరూ. ఆ మాటకు ఏ ఇంజను ఎన్ని మార్కులు వేస్తుంది?

తప్పులున్న ఆటకు విలువేమిటని మీరు అడగవచ్చు. తప్పులు లేని ఆట ఎక్కడున్నదని నేను అడుగుతాను. 2006 నవంబరులో జర్మనీలోని బాన్ నగరంలో డీప్ ఫ్రిట్జ్ అనే సాఫ్టువేరుతో ఆడుతూ అప్పటి ప్రపంచ విజేత క్రామ్నిక్ ఒక్క ఎత్తులో కట్టుబడే ఆటను చూడలేకపోయాడు. 2024 డిసెంబరు 12న సింగపూరులో ప్రపంచ కిరీటానికి జరిగిన పద్నాలుగో ఆటలో, సమం కావలసిన చోట డింగ్ లిరెన్ 55వ ఎత్తుగా ఏనుగును ఎఫ్2కు జరిపాడు. ఏనుగులూ శకటాలూ మారిపోయి, ఓడిపోయే రాజు బంటుల ఆట మిగిలే దారి అది. (మనం శకటం అనేదాన్ని కొందరు ఒంటె అంటారు, ఏదైనా ఒకటే.) పద్దెనిమిదేళ్ళ గుకేశ్ అక్కడ ప్రపంచ విజేత అయ్యాడు. ఈ పొరపాట్లను మనం యుగయుగాలు చెప్పుకుంటాం, వాటి చుట్టూ పుస్తకాలు వ్రాస్తాం. అరవయ్యో బల్ల మీది పొరపాటును మాత్రం ఎర్రగీత కొట్టి చెరిపేస్తాం. పొరపాటు ఒకటే, చేసినవాడి హోదాను బట్టి మనం దాన్ని విషాదమనీ అజ్ఞానమనీ రెండు పేర్లతో పిలుస్తున్నాం.

హోదా అన్నాను కనుక రేటింగు సంగతీ చెప్పుకోవాలి. ఈలో మహాశయుని పేర వెలిసిన ఈ అంకెల పద్ధతిని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. ఇద్దరి మధ్య రెండు వందల అంకెల తేడా ఉంటే పై ఆటగాడు నూరు ఆటల్లో సుమారు 76 పాయింట్లు తెచ్చుకోగలడని దాని లెక్క. అంటే అది జరగబోయేదాని మీద ఒక అంచనా, మనిషి మీద తీర్పు కాదు. దానినే మనం తీర్పు చేసుకున్నాం. 2024 మార్చి 1న ఏమి జరిగిందో చూడండి. కింది స్థాయి అంకెలు బాగా కుంగిపోయాయని గ్రహించి, 2000 కన్న తక్కువ ఉన్నవారందరికీ ఆ లోటులో 40 శాతం కలిపారు. నిన్న 1500 ఉన్నవాడు నిద్రలేచేసరికి 1700. నిన్న 1000 ఉన్నవాడు 1400. బల్ల దగ్గర కూర్చోలేదు, బంటు కదపలేదు. సంస్కరణ అవసరమైనదే, గణితం ప్రకారం సబబైనదే. కాని ఒక్క రాత్రిలో రెండు వందలు పెరిగే అంకె కోసం ఒక పిల్లవాణ్ణి ఆట అయిన వెంటనే 'ఎంత పోయింది?' అని అడగడం ఎంత విడ్డూరమో ఆ రోజు తెలిసిరావలసింది. పెద్దగా తెలిసివచ్చినట్టు లేదు.

నా వాదానికి బలమైన అభ్యంతరం ఒకటున్నది, దాన్ని దాటవేయడం మర్యాద కాదు. అరుగు మీద కూర్చుని మాట్లాడుకొనే ఇద్దరు సామాన్యులు తప్పు పాఠం కూడా నేర్చుకోవచ్చు. ఇద్దరికీ తెలియనప్పుడు ఒకరి అజ్ఞానాన్ని మరొకరు బలపరుచుకొని, 'అక్కడ గుర్రం ఇచ్చి ఉంటే గెలిచేవాడిని' అన్న భ్రమతో ఇల్లు చేరవచ్చు. ఆ భ్రమను పదేళ్ళు మోయవచ్చు. యంత్రం ఉన్న ఊరి పిల్లవాడికీ శిక్షకుడు దొరకని పల్లె పిల్లవాడికీ ఉన్న దూరాన్ని ఈ ఇంజనులే తగ్గించాయి కదా, దానిని కాదంటావా అని కూడా అడగవచ్చు. నిజమే, కాదనను. గుడివాడలోనో హన్మకొండలోనో కూర్చున్న పిల్లవాడికి ప్రపంచంలోకెల్లా గొప్ప పరీక్షాధికారి ఉచితంగా దొరకడం చిన్న విషయం కాదు.

నేను కోరుతున్నది వరుస మార్చమనే. ముందు ఇద్దరు మనుషులు, తరువాత యంత్రం. ఇద్దరూ కూర్చుని, ఎక్కడ భయపడ్డారో, ఎక్కడ ఆశపడ్డారో, ఏ ఎత్తు చూడనేలేదో చెప్పుకొని, తమ తీర్పు తాము వ్రాసుకోవాలి. అప్పుడు యంత్రాన్ని తెరిచి ఆ తీర్పును సరిచూసుకోవాలి. పరీక్ష వ్రాశాక మార్కులు వేసేవాడు కావాలి, పరీక్ష మనకు బదులు తానే వ్రాసేవాడు అక్కర్లేదు. బార్బియే తన తీర్పు ప్రకటించాక సావెద్రా వచ్చాడు. తీర్పే లేకపోతే సావెద్రా దేనిని దిద్దుతాడు?

దీనికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. పోటీలు నడిపేవారు హాలు బయట నాలుగు బల్లలు, నాలుగు పావుల పెట్టెలు ఉంచితే చాలు. చాలాచోట్ల ఆ గది ఉండదు, ఉన్నా అక్కడ భోజనం పొట్లాలు పెడతారు. ఆడేవారు తమ చీటీని పారేయకుండా ఉంచుకోవాలి. నియమం ప్రకారం అసలు చీటీ నిర్వాహకుల సొత్తు, మనకు దక్కేది కింది నకలు. ఆ నకలు మీద అక్షరాలు ఏడాది తిరిగేసరికి వెలిసిపోతాయి కనుక ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించుకోవడం మంచిది, ఎత్తుల పక్కన రెండేసి మాటలు తెలుగులో వ్రాసుకుంటే ఇంకా మంచిది. తల్లిదండ్రులు మొదటి ప్రశ్న మార్చుకుంటే చాలు. 'గెలిచావా?' అన్నది ఫలితాల పట్టిక చూస్తే తెలుస్తుంది. 'ఏమి చూశావు?' అన్నది పిల్లవాడే చెప్పాలి.

ఇక మనబోటివారికి ఇదేమీ కొత్త సంగతి కాదనుకుంటాను. మనమెవరమూ పోతనలం కాము. అయినా సమస్య ఇస్తే పూరిస్తాం, ఒకరి పూరణలో యతి తప్పితే మరొకరు మెత్తగా చెబుతారు, చెప్పించుకున్నవాడు దిద్దుకుంటాడు. ఆ పూరణలు భారతీ పీఠం ఎక్కకపోవచ్చు. ఎక్కలేదని ఎవరూ వ్రాయడం మానుకోలేదు. సాహిత్యంలో సామాన్యుడికి మనం ఇచ్చుకున్న ఈ చోటును చదరంగంలో సామాన్యుడికి ఎందుకు ఇవ్వకూడదు? పెద్ద ఆటగాళ్ళు ఆకాశం నుంచి ఊడిపడరు. అరవయ్యో బల్ల మీద ఎవరో ఒకరు మూడు గంటలు ఓపిగ్గా ఎదురు కూర్చున్నందునే ఒకటో బల్ల దాకా చేరుకుంటారు. ఆ ఎదురు కూర్చున్నవాడి పేరు పత్రికలో రాదు. కనీసం అతడి ఎత్తులయినా మిగలాలి.

మీ అలమరలో ఏ పాత పుస్తకం మధ్యనో వెలిసిపోతున్న ఆట చీటీ ఒకటి ఉండే ఉంటుంది. తీయండి. యంత్రం తెరవకుండా బల్ల మీద పరచి ఒకసారి ఆడి చూడండి. అవతలివాడు ఇప్పుడెక్కడున్నాడో తెలిస్తే అతడికీ ఒక ఉత్తరం ముక్క వ్రాయండి, 'ఫలానా ఎత్తు దగ్గర ఏమనుకున్నావోయ్?' అని. జవాబు వస్తే నాకూ చెప్పండి. నల్లవారి రాజు ఎక్కడికి తగ్గాడో, ఎందుకు తగ్గాడో వినాలని ఉన్నది.